పాఠకుల ప్రశ్న: మా ఆయన పెట్టుడు కాలితో 42 కిలోమీటర్లు పరిగెత్తుతానంటున్నారు, ఆపాలా వద్దా?

ఈ వారం ఒక్క ఉత్తరమే తీసుకుంటున్నా. కావలి దగ్గర ఒక పల్లె నుంచి ఒకామె రాశారు, ఆరు పేజీలు, రెండు వైపులా, చివర్లో జాగా చాలక అంచుల చుట్టూ కూడా రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవి తీసేసి విషయం నా మాటల్లో చెప్తా.

ఆమెకి 38, భర్తకి 43. ఆయన ఆర్మీలో హవల్దారుగా చేశారు. పన్నెండేళ్ల కింద కాశ్మీర్లో పెట్రోలింగ్‌లో మైన్ మీద అడుగు పడి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. పుణెలో పెట్టుడు కాలు వేయించుకుని, కొన్నాళ్లు కూర్చుని చేసే డ్యూటీ చేసి, పింఛన్‌తో ఊరికొచ్చి ఇప్పుడు కావలిలో ఒక బ్యాంకులో గార్డు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, కొడుకు ఎనిమిదో తరగతి. ఇంట్లో అత్తగారు కూడా ఉన్నారు. రెండేళ్ల కింద యూనిట్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారంట, కాలు లేని ఫౌజీ ఒకాయన మారథాన్ పరిగెత్తేది. దాన్ని ఆ రాత్రి పదిసార్లు చూసి, మర్నాడు తెల్లారుజామున నాలుగింటికి లేచి తుమ్మలపెంట రోడ్డు ఎక్కారు. మొదట కరెంటు స్తంభం నుంచి స్తంభం దాకా, తర్వాత కిలోమీటరు, మూడు, ఇప్పుడు పది దాటిందంట. నడవడానికి ఇచ్చిన కాలుతోనే. పోయిన ఆగస్టు 15న హైస్కూల్లో పిలిచి శాలువా కప్పితే మైకు తీసుకుని "వచ్చే ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 42 కిలోమీటర్లు పూర్తి చేసి వచ్చి ఇదే స్టేజీ ఎక్కుతా" అనేశారు. కుర్రాళ్లు సెంటర్లో ఫ్లెక్సీ వేశారు, ఆయన ఫోటో పక్కన పులి బొమ్మ పెట్టి.

ఇంతవరకు అందరూ చప్పట్లు కొట్టే కథ. ఇంట్లో ఇంకోటి నడుస్తోంది. కాలు తొడిగే ముందు వేసుకునే మేజోళ్లు లెక్క తగ్గుతున్నాయేంటా అని ఈమె వెతికితే బాత్రూమ్ వెనక బూడిదగుంటలో కవర్లో చుట్టి మూడు దొరికాయి, రక్తం ఎండిపోయి అట్టల్లాగా. అడిగితే "పాతవి, పారేశా" అన్నారంట. కూతురి బీటెక్‌కి దాచిన ఆరు లక్షల డిపాజిట్ తీసి పరుగు బ్లేడు (పరిగెత్తడానికి వాడే ప్రత్యేకమైన పెట్టుడు కాలు) కొంటానంటున్నారు. మరిది ఏమో "ఆ పరిగెత్తే వీడియోలు పైవాళ్లు చూస్తే పింఛన్ పీకేస్తారు వదినా" అని భయపెట్టాడు. అత్తగారు "కాలు లేనోడికి రోడ్డు మీద ఆ గంతులేంది, నలుగురూ నవ్వరా" అని కొడుకుని అనలేక కోడల్ని అంటున్నారు. ఆయన నిద్రలో అరిచి లేవడం ఏళ్లుగా ఉంది, పరుగు మొదలెట్టాక తగ్గింది, కానీ పరుగు లేని రోజు ఇంట్లో గిన్నె కింద పెట్టినా తప్పే.

ఒకరోజు ఈమె ఉండబట్టలేక స్కూటీ లైటు ఆర్పేసి వెనకాలే వెళ్లారు. రొయ్యల గుంటలు దాటాక ఒక కల్వర్టు మీద ఆయన కూర్చుని కాలు ఊడదీసి, లోపలి తొడుగు తిప్పి పట్టుకుంటే గ్లాసుడు చెమట ధారగా కారిందంట. తువ్వాలుతో తుడుచుకుని, మళ్లీ తొడుక్కుని, రెండుసార్లు నేలకేసి తట్టి, లేచి సర్వి తోట వైపు పరిగెత్తుకుంటూ పోయారు. ఆయన చూడకముందే ఈమె తిరిగొచ్చేశారు. ఆ కల్వర్టు మీద ఆయన మొహం గురించి ఒక మాట రాసి కొట్టేసి మళ్లీ రాశారు: "అంత నెమ్మదిగా ఉన్న మొహం పన్నెండేళ్లలో మా ఇంట్లో నేను చూళ్లేదు."

చివర్లో అడిగింది ఇదీ: ఆపమంటే నేను చెడ్డదాన్ని అవుతా, ఆపకపోతే మిగిలింది కూడా పోద్దేమో, మీరే ఏదో ఒకటి తేల్చి చెప్పండి.

అమ్మా, తేల్చి చెప్పడం నా చేతిలో లేదు, మీ చేతిలో కూడా పూర్తిగా లేదు. కాకపోతే మీరు ఒక మూటలో కట్టిన భయాలు నాలుగైదు ఉన్నాయి, వాటిని విడగొడితే కొన్ని అక్కడికక్కడే రాలిపోతాయి.

పింఛన్ భయం అట్టాంటిది. అది కాలు పోయినందుకు ఇస్తున్నది గానీ మంచాన పడి ఉన్నందుకు కాదు, పరిగెత్తినంత మాత్రాన పోయిన కాలు తిరిగి మొలవదు కదా. మేజర్ డి.పి. సింగ్ అని వినే ఉంటారు, మీ ఆయన చూసిన వీడియో బహుశా ఆయనదే. కార్గిల్ యుద్ధంలో 1999 జులై 15న మోర్టార్ షెల్ పక్కనే పడి కుడి కాలు తీసేశారు, ఒంట్లో ఇప్పటికీ ఇనప ముక్కలున్నాయి. ఆయన అందరి ముందూ హాఫ్ మారథాన్లు (21 కిలోమీటర్ల పరుగులు) పరిగెత్తాడు, తర్వాత ఆర్మీయే బ్లేడ్ కూడా ఇప్పించింది. మీ మరిదికి ఇంకా డౌటుంటే పింఛన్ ఆర్డర్ కాగితం తీసుకుని నెల్లూరులో జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి అన్నదమ్ములిద్దరినీ కలిసి వెళ్లమనండి. అత్తగారి మాట సంగతంటారా, నవ్వేవాళ్లు ఫ్లెక్సీ వెయ్యరు. ఆమెకి కూడా ఉన్నది భయమే, కన్నకొడుకు కదా, ఆ వయసులో అది తిట్టు రూపంలో బయటికొస్తుంది, వదిలేయండి.

ఇక అసలుది, కాలు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను ఇరవై రెండేళ్లు ఫిజియోథెరపీ చేసినదాన్ని, నెల్లూరులో ఇట్టాంటి కాళ్లు చాలా చూశా.

మన ఒంట్లో బరువు మోస్తూ దెబ్బలు తినడానికి పుట్టిన తోలు అరికాలిదొక్కటే. పిక్క మీద తోలు అట్టాంటిది కాదు, అది బట్టల కింద దాక్కుని బతికే రకం. కాలు పోయాక ఆ పిక్క తోలు మీదే మనిషి బరువంతా పడుతుంది. మామూలు నడకకే ఇబ్బంది, ఇక పరుగులో అడుగు పడ్డప్పుడల్లా ఒంటి బరువుకి రెండు మూడింతలు దెబ్బ తగులుతుంది. పది కిలోమీటర్లంటే ఆ కాలికి అయిదారు వేల దెబ్బలు. దానికి తోడు స్టంప్ (కోసేశాక మిగిలిన మొండి కాలు) పొద్దున ఉన్న సైజులో సాయంత్రానికి ఉండదు, పరిగెత్తే కొద్దీ లోపలి నీరు తగ్గి సన్నబడుతుంది, సాకెట్ (పెట్టుడు కాలు పైన మొండి కాలు దూరే గిన్నె) వదులవుతుంది, వదులైతే లోపల పిస్టన్‌లాగా పైకీ కిందకీ జరుగుతుంది, అక్కడ మొదలవుతుంది ఒరుపు. అందుకే వాళ్లకి పలచవి మందపువి రకరకాల మేజోళ్లు ఇస్తారు, వదులైనప్పుడు మధ్యలో ఆగి ఇంకోటి ఎక్కించుకోవాలి. పన్నెండేళ్లలో మీ ఆయన ఒళ్లు ఎంత మారిందో మీరు రాయలేదు గానీ, ఇప్పుడున్న సాకెట్ ఎన్నేళ్ల కిందటిదో అడగండి ముందు. నా అనుమానం అంతా దాని మీదే.

కల్వర్టు మీద మీరు చూసి భయపడింది ఉంది చూడండి, అది తప్పు పని కాదమ్మా, చేయాల్సిన పనే. ఆ సిలికాన్ తొడుగు లోపల గాలాడదు, మన సముద్రం పక్క ఉక్కకి చెమట పట్టి కాలు సబ్బు రాసినట్టు జారుతుంది. కాలు లేకుండా దూరాలు పరిగెత్తేవాళ్లు చాలామంది మధ్యమధ్యలో ఆగి, ఊడదీసి, తుడుచుకుని తొడుక్కుంటారు. ఆ పద్ధతి ఆయనకి ఎవరూ చెప్పకుండానే పట్టుబడిందంటే ఆయన మొండిగా మూర్ఖంగా పరిగెత్తేరకం కాదని నాకనిపిస్తోంది. తప్పల్లా ఒక్కచోటే ఉంది, తోలు చిట్లాక కూడా మళ్లీ తొడుక్కుంటున్నారు. చిట్లిన తోలు మీద కాలు తొడిగితే ఆ పుండు మానదు, లోపల తడి, వేడి, చీము పట్టడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. అది ఎముకదాకా పోతే మళ్లీ ఆపరేషన్, ఇంకాస్త పైకి కోయడం. మీరు భయపడే "మిగిలింది కూడా పోవడం" జరిగితే ఇట్టా జరుగుతుంది, పరుగు వల్ల కాదు, దాచడం వల్ల. ఇంకొకటి కూడా గమనించండి, ఆయన పరిగెత్తొచ్చి అదే కాలు మీద బ్యాంకు గుమ్మంలో రోజంతా నిలబడుతున్నారు. పొద్దున తగిలిన దెబ్బకి సాయంత్రం దాకా ఊపిరాడట్లేదు. వారానికి ఆరు రోజుల పరుగు మూడు రోజులకి తగ్గిస్తేనే సగం తేడా కనబడుద్ది.

ఇంట్లో చేయగలిగినవి చెప్తా. స్టంప్ రాత్రి పూట కడగాలి, పొద్దున కాదు, నాని ఉబ్బిన తోలు తొడుగులో త్వరగా చిట్లుతుంది. కడిగాక కింది భాగం ఆయనకి కనబడదు, చిన్న అద్దం పెట్టుకుని చూసుకోవాలి. కాలు తీసిన పది పదిహేను నిమిషాలకి కూడా ఎర్రదనం పోకపోతే అక్కడ సాకెట్ నొక్కుతోందని అర్థం. నీటిబుడగ వస్తే సూదితో పొడవద్దు. తోలు లేస్తే ఆ రోజు కాలు తొడగడం లేదు, పరుగు మాట అటుంచండి, బ్యాంకుకి కూడా సెలవే, ఇంట్లో కర్రలతో తిరగాలి. షుగర్ ఒకసారి చూపించండి, నలభై దాటాయి కాబట్టి. కుడి మోకాలు నొప్పి ఉందా అని కూడా అడగండి, చెప్పరు గానీ అడగండి, ఇట్టాంటి వాళ్లలో ఉన్న కాలు మోకాలు ముందు అరిగిపోతుంది.

"అయితే ఆపించేస్తే పోలా" అని మీకు అనిపించొచ్చు. నేను ఆ తప్పు చేశా. పొదలకూరు వైపు నుంచి ఒక లారీ క్లీనర్ వచ్చేవాడు, ముప్పై లోపే, యాక్సిడెంట్‌లో కాలు పోయింది. ఫుట్‌బాల్ ఆడొచ్చా మేడం అని అడిగాడు. నేను అప్పుడు కొత్త, పుస్తకంలో ఉన్నట్టు "ఇంక అవన్నీ వద్దు నాయనా, జాగ్రత్తగా ఉండు" అన్నా. వాడు బుద్ధిగా జాగ్రత్తగా ఉన్నాడు. ఏడాది తర్వాత వాళ్లమ్మ తీసుకొస్తే గుర్తుపట్టలేదు, అంత లావయ్యాడు, సాకెట్ ఎక్కట్లేదు, కాలు అటక మీద పడేసి మంచం మీద టీవీ చూస్తున్నాడంట. పుండ్లు మాత్రం ఒక్కటి కూడా లేవు, ఆ లెక్కన నా ట్రీట్‌మెంట్ సక్సెస్! వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఆపమని మాత్రం నా నోటితో చెప్పను. మీరు గట్టిగా పట్టుబట్టి ఆపించారనుకోండి, రెండు రకాలుగా జరగొచ్చు. నిజంగానే ఆపేసి పగలంతా చిటపటలాడుతూ రాత్రిళ్లు లేచి కూర్చోవడం, లేకపోతే మీకు తెలియకుండా పరిగెత్తడం, అప్పుడు ఆ మేజోళ్లు మీ బూడిదగుంటలో కాకుండా ఏ రొయ్యల గుంటలోనో పడతాయి. ఇప్పుడైతే కనీసం మీకు దొరుకుతున్నాయి.

మారథాన్ సంగతికొస్తే, నాకు ఆ 42 ఆయన మనసులో పుట్టిన అంకెలాగా అనిపించడం లేదమ్మా, మైకులో పుట్టింది. స్తంభం నుంచి స్తంభం దాకా పరిగెత్తి మురిసిపోయిన మనిషి ఆయన. శాలువా, చప్పట్లు, ముందు వరసలో పిల్లలు, ఆ వేడిలో ఒక అంకె నోట్లోంచి వచ్చింది, మర్నాటికి ఫ్లెక్సీ ఎక్కింది. ఫౌజీకి మాట పెద్ద విషయం. మీ భర్త పరిగెత్తేది ఇప్పుడు సగం తన కోసం, సగం ఆ ఫ్లెక్సీ కోసం అని నా ఉద్దేశం, పుండు మీద పుండు పడుతున్నా ఆగకపోవడానికి కారణం ఆ రెండో సగమే.

ఈ ఆగస్టుకే 42 అంటే ఏమవుద్దో ఉన్నదున్నట్టు చెప్తా. ఇప్పుడు పది కిలోమీటర్లకే రక్తం వస్తోంది. ఇప్పటికే మార్చి ఆఖరు, ముందు పుండ్లు మానాలి, కొత్త సాకెట్ కావాలి, దానికి అలవాటు పడాలి, ఆపైన నెమ్మదిగా దూరం పెంచుకుంటూ పాతిక ముప్పై దాకా పోవాలి, అదీ మన ఏప్రిల్, మే ఎండల్లో. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటారు, మనుషులం మనమెంత. హైదరాబాద్ దారి కూడా ఫ్లైఓవర్లు, ఎక్కుళ్లు దిగుళ్లు, దిగేటప్పుడు పెట్టుడు కాలికి ఇంకా కష్టం. ఇన్ని గంటల్లో పూర్తి చేయాలని టైము లిమిట్ కూడా ఉంటుంది. వెళ్లకూడదని కాదు, వెళ్తే మధ్యలో అంబులెన్స్ ఎక్కే అవకాశం ఎక్కువ, ఎక్కితే ఆ తర్వాత ఆయన మళ్లీ రోడ్డెక్కుతారా అనేది నాకు అనుమానం.

అదే హైదరాబాద్‌లో అదే రోజు 10 కిలోమీటర్లది ఉంటుంది, 21ది కూడా ఉంటుంది. డి.పి. సింగ్ గారు కూడా గాయపడ్డ పదేళ్లకి, 2009లో ఢిల్లీలో మొదట పరిగెత్తింది హాఫ్ మారథానే, అదీ మామూలు కాలుతో, ఈడ్చుకుంటూ. ఈ ఏడాది పది, తోలు ఒప్పుకుంటే వచ్చే ఏడాది ఇరవై ఒకటి, ఆ తర్వాత చూద్దాం అంటే మాట తప్పినట్టా? తేదీ జరిపినట్టు. అమెరికాలో బాబ్ వీలాండ్ అని ఒకాయన ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో రెండు కాళ్లూ పోయాయి, 1986లో న్యూయార్క్ మారథాన్ రెండు చేతుల మీద పాకుతూ పూర్తి చేశాడు, నాలుగు రోజుల పైన పట్టింది. అందరూ ఇళ్లకెళ్లి పడుకున్నాక కూడా ఆయన వస్తూనే ఉన్నాడు. మీ ఆయనకి ఇది చెప్పండి, నచ్చుద్ది.

ఇంకో దారి, హైదరాబాద్ ఊసే లేకుండా, మీ స్కూలు గేటు నుంచి తుమ్మలపెంట సముద్రం దాకా ఆగస్టు 15 పొద్దున పరిగెత్తి, జెండా టైముకి ఊళ్లోకి రావడం. పిల్లలు పక్కన సైకిళ్ల మీద వస్తారు. ఫ్లెక్సీ వేసిన కుర్రాళ్లు ముందు బండి మీద కుక్కల్ని తోలుతూ పోతారు (ఆ రోడ్డు మీద కుక్కల గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, నాకైతే పుండ్ల తర్వాత భయం వాటి గురించే). దీంట్లో నష్టం ఒకటుంది, ఊరి ముందే మధ్యలో ఆగాల్సొస్తే ఆయనకి కష్టంగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా హెడ్మాస్టర్ దగ్గరికి ఆయనే వెళ్లి చెప్పుకోవాలి, మీరు వెళ్లి చెప్తే మాత్రం అది ఆయన పరువు మీదకెళ్తుంది.

డబ్బు దగ్గర మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా. ఆ ఆరు లక్షలు ఆయనవీ కాదు మీవీ కాదు, ఆ పిల్లవి. పైగా ఇప్పుడు బ్లేడ్ కొనడం తొందరపాటు. బ్లేడంటే కార్బన్ ఫైబర్‌తో చేసిన వంపు తిరిగిన స్ప్రింగు, అడుగు పడితే నొక్కుకుని తిరిగి తోస్తుంది. దాన్ని మొదట తయారుచేసిన వాన్ ఫిలిప్స్ కూడా కాలు పోయినాయనే, అందుకే అంత బాగా కుదిరింది. కానీ అది సాకెట్ కింద ఉండే వస్తువు. పుండు పడుతోంది సాకెట్ దగ్గర. చెప్పు కరుస్తుంటే అడుగున కొత్త అట్ట వేయించుకున్నట్టు అవుద్ది. మనిషి బరువుని బట్టి, పరిగెత్తే తీరుని బట్టి ఎంచాలి, దానికి మడమ ఉండదు కాబట్టి దాని మీద బ్యాంకులో నిలబడలేరు, నడకకొకటి పరుగుకొకటి పెట్టుడు కాళ్లు మార్చుకోవాలి, దానితో పరిగెత్తడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి.

అందుకని ముందు పుణె. ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్, 1944లో యుద్ధంలో గాయపడ్డ వాళ్ల కోసమే పెట్టింది, ఆయన మొదటి కాలు అక్కడిదే అయ్యుంటుంది. పాత కాలు, డిశ్చార్జి కాగితాలు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు పట్టుకుని, ఇక్కడ ఈసీహెచ్ఎస్ వాళ్ల దగ్గర రాయించుకుని వెళ్లండి. వెళ్లాక "నడవడానికి" అని కాకుండా "రోజూ పరిగెత్తుతున్నా, ఇదిగో పుండ్లు" అని చూపించాలి, లేకపోతే మళ్లీ నడక కాలే ఇస్తారు. బ్లేడ్ ఇస్తారా లేదా, ఎప్పుడు, అనేది వాళ్లే చూసి చెప్తారు, నేను ఆశ పెట్టను. ఊళ్లో చందాలు ఎత్తి కొనిపెడతామని కుర్రాళ్లు అంటారేమో, అందులో మంచితనం ఉంది గానీ, చందా డబ్బుతో కొన్న కాలు వేసుకున్నాక ఆయన ఒక్కరోజు ఆగినా ఊరంతా అడుగుతారు. మైకుకే ఇంత అవస్థ పడుతున్న మనిషి.

పుండ్లు మానడానికి, కొత్త సాకెట్ రావడానికి మధ్యలో కొన్ని వారాలు పరుగు ఉండదు, మీకు అసలు కష్టం అప్పుడే. పరుగు లేని రోజు ఆయన ఎట్టా ఉంటారో మీరే రాశారు. ఆ నాలుగింటి టైముని ఖాళీగా వదలొద్దు. మీ వైపు అగ్నివీర్‌కి, కానిస్టేబుల్‌కి పోయే పిల్లలు తెల్లారి రోడ్ల మీద 1600 మీటర్లు పరిగెత్తుతుంటారు కదా, ఎట్టా పరిగెత్తాలో చెప్పేవాడు ఉండడు, మొదటి రౌండ్లోనే దమ్మంతా వదిలేసి చివర్లో చతికిలబడతారు. ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక విజిల్, చేతిలో ఫోన్‌తో స్కూలు గ్రౌండులో కూర్చుంటే చాలు. కర్రలతో వెళ్లినా పర్లేదు. ఈత కూడా మంచిదే, కాలు తొడగక్కర్లేదు, కొలను ఉన్న చోటికి వారానికోసారి వెళ్లగలిగితే (సముద్రంలో మాత్రం వద్దు). మురళీకాంత్ పేట్కర్ గారిది అదే కథ, ఆర్మీలో బాక్సర్, 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలి నడుం కింద పడిపోయింది, నీళ్లల్లో దిగి 1972లో హైడల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో గోల్డ్ కొట్టుకొచ్చాడు. పద్మశ్రీ ఇచ్చింది మాత్రం 2018లో, అది వేరే సంగతి.

రాత్రి అరుపులు పరుగుతో తగ్గాయి కాబట్టి పోయాయనుకోకండి, పరుగు ఆగితే మళ్లీ రావొచ్చు. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఆయన చెయ్యనంటే మీరు మీ కోసం చెయ్యండి, పన్నెండేళ్లు పక్కన పడుకున్న మనిషికి కూడా నిద్ర లేదు కదా.

ఇప్పుడు ఆ కొట్టేసి మళ్లీ రాసిన మాట దగ్గరికి వస్తా. మీకు భయంతో పాటు ఉక్రోషం కూడా ఉందమ్మా, ఉండదా మరి. కట్టు కట్టింది మీరు, మందులేసింది మీరు, గిన్నె చప్పుడుకి తిట్లు తిన్నది మీరు, ఆ నెమ్మది మొహం మాత్రం కల్వర్టుకి దక్కింది. దానికి సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఆయన్ని ఆపాలనిపించినప్పుడల్లా అందులో ఎంత పుండు గురించి, ఎంత ఆ మొహం గురించి అని మీకు మీరే ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఆయనకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

మాట్లాడేటప్పుడు మేజోళ్లతో మొదలెట్టకండి, దొంగ దొరికినట్టు అవుద్ది. ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, పిల్లలు లేనప్పుడు, "ఆ రోజు నీ వెనకాల వచ్చా, కల్వర్టు దగ్గర చూశా" అని ముందు మీరు దాచింది మీరు చెప్పండి. కోపం రావచ్చు, ఒకరోజు మాట్లాడకపోవచ్చు, ఫౌజీ వెనకాల నిఘా పెట్టారు మరి! కానీ మీరు దాచింది బయటపడ్డాక ఆయన దాచింది బయట పెట్టడం కొంచెం తేలిక. పరుగు మానెయ్ అని అడగొద్దు. రాత్రి కడుక్కున్నాక అద్దం నేను పట్టుకుంటా, నాకు చూపించు, తోలు లేచిన రోజు వెళ్లొద్దు, అంతవరకే అడగండి. ఒప్పుకుంటే మిగతావన్నీ ఒక్కొక్కటిగా మాట్లాడుకోవచ్చు. ఒప్పుకోకపోతే పది రోజులు ఆగి, ఆ యూనిట్ గ్రూపులో ఆయన మాట వినే పాత సాబ్ ఎవరైనా ఉంటే ఆయనతో ఫోన్ చేయించండి, నేను చెప్తే వినని నా పేషెంట్లు వాళ్ల సుబేదార్ చెప్తే విన్నారు. ఈలోపు స్టంప్ వేడిగా, ఎర్రగా ఉబ్బినా, చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఈ మాటలూ మంతనాలూ పక్కన పెట్టేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పుణె వెళ్లేటప్పుడు మీరు కూడా వెళ్లండి, పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి. సాకెట్ అచ్చు తీసేటప్పుడు పక్కన ఉండి యాడ నొక్కుతోందో ఆయన చెప్పనివి మీరు చెప్పండి. టికెట్లు మాత్రం ఇప్పుడే చూసుకోండి, వేసవి సెలవులు మొదలైతే లోయర్ బెర్త్ దొరకదు.